విమాన ప్రయాణంలో వీణ: మేళం, పెట్టె, పత్రాలు

కర్ణాటక సంగీత వాద్యాలలో ప్రయాణానికి అంత సులభంగా లొంగనిది వీణ. వేణువు చేతిసంచిలో ఇముడుతుంది. వయొలిన్ భుజానికి తగిలించుకుంటే చాలు. మృదంగం బరువైనదే గాని దెబ్బకు ఓర్చుకుంటుంది. వీణ సంగతి వేరు. నాలుగడుగులకు మించిన పొడవు, ఒక కొసన గుండ్రని కుండ, రెండవ కొసన క్రిందికి వంగిన యాళి ముఖం, నడుమ మైనపు గట్లపై నిలిచిన 24 మెట్లు; ఈ ఆకృతి ఏ అరలోనూ కుదురుగా కూర్చోదు.

బళ్ళారి, హోసూరు, రాయగడ వంటి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో తరాలుగా వీణ నేర్చుకుంటున్నవారు ఉన్నారు. ఆ ఇళ్ళ పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో విదేశాలకు వెళ్ళేటప్పుడు ఇంటి వీణను వెంట పంపాలా వద్దా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుండి జరుగుతున్న త్యాగరాజ ఆరాధన వంటి ఉత్సవాల మూలంగా కచేరీ కోసం వీణతో సముద్రాలు దాటేవారూ ఉన్నారు. వాద్యంతో విమాన ప్రయాణం గురించి లభించే సలహాలలో అధిక భాగం గిటారు కోసం వ్రాసినవే. వాటిలో సగం వీణకు పనికివస్తాయి, మిగిలిన సగం పనికిరావు. గిటారు మెట్లు లోహపు తీగలు, చెక్కలోనే దిగగొట్టబడి ఉంటాయి. వీణ మెట్లు మైనం మీద ఉంటాయి. ఈ ఒక్క భేదమే జాగ్రత్తల స్వరూపాన్ని మార్చివేస్తుంది.

బాగుచేయడంలోనూ భేదం ఉంది. గిటారు విరిగితే దానిని సరిచేసే పనివారు ప్రపంచంలోని ప్రతి పెద్ద నగరంలోనూ దొరుకుతారు. వీణకు మేళం కట్టగలవారు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో, తంజావూరులో, నూజివీడు, మైసూరు వంటి కొద్ది చోట్ల మాత్రమే ఎక్కువగా కనిపిస్తారు. అట్లాంటిక్ ఆవల అటువంటి చేయి దొరకడం అరుదు. అక్కడ మేళం చెడితే, మళ్ళీ స్వదేశానికి వచ్చేవరకు ఆ వీణ గోడకు ఆనించిన అలంకారంగా మిగిలిపోయే అవకాశం ఉంది.

వీణలో బలహీన స్థానాలు

దక్షిణాది వీణను సాధారణంగా పనస కర్రతో చేస్తారు. కుండ, దండి, యాళి దాని ముఖ్యాంగాలు. బొబ్బిలి వీణకు ప్రసిద్ధి తెచ్చినది ఒకే దుంగ నుండి తొలిచే పద్ధతి. తంజావూరులో ఒకే దుంగ వీణలూ, భాగాలుగా చేసి అతికించినవీ రెండూ తయారవుతాయి. 24 మెట్ల స్థిరమైన అమరికను తంజావూరు నాయక ప్రభువు, తెలుగు కవి అయిన రఘునాథ నాయకుని కాలానికి సంప్రదాయం ముడిపెడుతుంది. ఆయన పదిహేడవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పాలించాడు. అందుకే నేటి వీణకు రఘునాథ వీణ అన్న పేరూ ఉంది.

ప్రయాణ దృష్టితో చూస్తే ఈ రెండు రకాలకూ దెబ్బ తగిలే తీరు వేరు. అతుకు వీణ పడితే ముందుగా కుండకు, దండికి మధ్యనున్న అతుకు విచ్చుకుంటుంది. అది బాధాకరమే గాని నేర్పరి చేతిలో మళ్ళీ అతుక్కుంటుంది. ఒకే దుంగ వీణకు ఆ అతుకు లేదు. బలమైన దెబ్బ తగిలితే పగులు కర్ర చారల వెంట సాగుతుంది, దానిని పూడ్చడం కష్టతరం. ఏకాండంగా చేసినది కనుక గట్టిదని తలచి పలుచని పెట్టెలో పంపడం పొరపాటు.

యాళి ముఖం మరొక బలహీన స్థానం. అనేక వీణలలో దానిని వేరుగా చెక్కి అతికిస్తారు. పెట్టె నిటారుగా క్రిందపడినప్పుడు బరువంతా దానిమీదనే పడుతుంది. కుండపై ఉండే పలక పలుచనిది, దానిమీద నిలిచే గుర్రం కేవలం తీగల ఒత్తిడితోనే నిలిచి ఉంటుంది. గుర్రం పైభాగాన గల లోహపు రేకును లక్కవంటి బంధక పదార్థంతో అమరుస్తారు. ఆ రేకు వంపు వెంట్రుకవాసి మారినా నాదం మారిపోతుంది.

ముప్పు ఆకాశంలో కాదు

విమానం అడుగున సామాను ఉంచే అరలో గాలి ఉండదనీ, చలికి కర్ర పగులుతుందనీ చాలామంది నమ్ముతారు. ప్రయాణికుల విమానాలలో ఆ అర కూడా పై గది వలెనే గాలి పీడనం గలదే. వేలాది అడుగుల ఎత్తున బయట ఎంత చలి ఉన్నా, ఆ చలి నేరుగా వీణను తాకదు. ఎత్తు వలన వీణకు కలిగే హాని స్వల్పం.

అసలు ముప్పు నేలమీద ఉంది. విమానంలోకి ఎక్కించక ముందు సామాను బండ్లు ఎండలో నిలిచి ఉండే సమయం ఒకటి. ఒక పట్టీ మీది నుండి మరొక పట్టీ మీదికి పెట్టె జారిపడే క్షణం రెండవది. ఇంటి నుండి విమానాశ్రయానికి కారులో తీసుకుపోయే దారి మూడవది. ఈ మూడవదానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వైశాఖ మాసంలో బళ్ళారి నుండి బెంగుళూరుకు కారు డిక్కీలో వీణను పెట్టి, దారిలో భోజనానికి గంటసేపు ఎండలో కారు నిలిపితే, విమానంలో జరగని అనర్థం ఆ గంటలోనే జరిగిపోవచ్చు.

తేనెమైనం సుమారు 62 నుండి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. మేళానికి వాడేది శుద్ధ మైనం కాదు. అందులో గుగ్గిలం వంటి జిగురు, నల్లని పొడి కలిపి గట్టిపరుస్తారు. అయినా వేడికి మెత్తబడే గుణం పోదు. ఎండలో మూసి ఉన్న కారు లోపలి వేడి 60 డిగ్రీలను సమీపించడం, దాటడం అసాధారణం కాదు. మైనం మెత్తబడిన స్థితిలో తీగలు మెట్లను తాకుతూ ఉంటే మెట్లు ఒరుగుతాయి, దిగబడతాయి. చల్లబడిన తరువాత చూస్తే ఏమీ జరగనట్లే ఉంటుంది. వాయించినప్పుడు మాత్రం అంతర గాంధారం పలకవలసిన చోట మరేదో పలుకుతుంది.

అతి చలి వలన మరొక విధమైన హాని ఉంది. చలికి మైనం పెళుసుబారుతుంది. శీతకాలంలో ఉత్తర అమెరికాలో దిగి, గడ్డకట్టే చలిలో పెట్టెను మోసుకుపోతూ క్రింద పడవేస్తే మైనపు గట్టు బీటలువారి మెట్లు ఊడిరావచ్చు.

ప్రయాణానికి ముందు

మొట్టమొదట చేయవలసిన పని ఖర్చులేనిది. దండి పొడవునా సరిపోయే ఒక కాగితపు పట్టీని తీసుకొని మెట్ల ప్రక్కన ఆనించి, 24 మెట్ల స్థానాలనూ సన్నని పెన్సిలుతో గుర్తించాలి. మేరువు స్థానం, గుర్రం స్థానం కూడా అదే పట్టీపై గుర్తించాలి. ఆ పట్టీని చేతిసంచిలో భద్రపరచాలి. ప్రయాణంలో మూడు నాలుగు మెట్లు ఊడినా, ఈ పట్టీ ఉంటే కొంత అనుభవమున్న విద్వాంసుడు తాత్కాలికంగానైనా వాటిని నిలబెట్టగలడు. పట్టీ లేకపోతే కేవలం చెవిపైనే ఆధారపడాలి. అది గురువులకు సాధ్యం, విద్యార్థికి కాదు. దూరదేశంలో కనీసం రెండు సంవత్సరాలు ఉండబోయేవారు ప్రయాణానికి ముందే పాత మేళాన్ని తీయించి క్రొత్తగా కట్టించుకోవడం మంచిది. అయితే నిన్న కట్టిన మేళంతో నేడు ప్రయాణం చేయరాదు. క్రొత్త మైనం కుదుటపడి, మెట్లు మరొకసారి సరిచూసుకునేందుకు కొన్ని వారాల వ్యవధి ఉండాలి.

రెండవది సొరబుర్ర. దండి క్రింద మరలతో బిగించే ఈ బుర్రను విప్పితే వీణ ఆకారం సగం సరళమవుతుంది. నేడు చాలావరకు కాగితపు గుజ్జుతోనో, ఫైబరుతోనో చేసినవే వాడుకలో ఉన్నాయి గనుక బరువు తక్కువ. దానిని చేతిసామానులో తీసుకుపోవడం ఉత్తమం. బోలుగా ఉండే లోపలి భాగంలో మెత్తని బట్టలు నింపితే స్థలమూ కలిసివస్తుంది, బుర్రకూ బలం చేకూరుతుంది. విప్పిన తరువాత దండి క్రింద పొడుచుకువచ్చే మర పెట్టె అడుగును తాకకుండా చూడాలి. పెట్టె పడినప్పుడు ఆ మరే దండిలోనికి దూసుకుపోయి కర్రను చీల్చగలదు.

మూడవది తీగలు. ఈ విషయంలో గిటారు వాయించేవారిలోనే ఏకాభిప్రాయం లేదు. తీగలు కొంత వదులు చేయాలని కొందరు, అలాగే ఉంచాలని కొందరు అంటారు. వీణ విషయంలో సమాధానం కొంత స్పష్టం. తీగలను పూర్తిగా వదిలివేస్తే గుర్రం నిలవదు, పెట్టెలో దొర్లి పలకను గీరుతుంది. శ్రుతిలోనే ఉంచితే మైనం మెత్తబడినప్పుడు ఆ ఒత్తిడి మెట్లమీద పడుతుంది. కాబట్టి రెండు పద్ధతులలో ఏదో ఒకటి పాటించాలి. గుర్రం కదలకుండా నిలిచేంత బిగువు మాత్రం ఉంచి మిగిలినది తగ్గించడం ఒకటి. తీగలను పూర్తిగా సడలించి, గుర్రాన్ని తీసి, గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోవడం రెండవది. దూర ప్రయాణానికి రెండవదే మేలు. అప్పుడు తీగలకు, మెట్లకు నడుమ నూలు గుడ్డ పట్టీని పరచాలి. బిరడలు పెట్టె ప్రక్కలను తాకుతున్నాయేమో కూడా చూసుకోవాలి.

వీణతోపాటు వెళ్ళే చిన్న వస్తువుల సంగతి విడిగా చెప్పాలి. అదనపు తీగలు చేతిసంచిలో ఉండవచ్చు గాని తీగలు కత్తిరించే పట్టకారు వంటి పనిముట్లను చేతిసామానులో అనుమతించకపోవచ్చు, వాటిని లోపలి సామానులో వేయాలి. వ్రేళ్ళకు రాసుకునే కొబ్బరినూనె సీసా అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లకు మించితే భద్రతా తనిఖీ వద్దనే ఆగిపోతుంది. శ్రుతి సరిచూసే పరికరానికి విడిగా తీసుకుపోయే లిథియం బ్యాటరీలను చేతిసామానులోనే ఉంచాలి.

పెట్టె

బట్ట సంచి ఇంటి నుండి గురువుగారి ఇంటికి చాలు. విమానానికి ఫైబరు వంటి గట్టి పెట్టె తప్పనిసరి. పెట్టె గట్టిదైనంత మాత్రాన సరిపోదు, లోపల వీణ కదలకూడదు. మూత వేసి తాళం పెట్టి మెల్లగా అటూ ఇటూ ఊపినప్పుడు లోపల ఏ మాత్రం కదలిక తెలిసినా మెత్తలు చాలలేదని అర్థం. బరువును మోయవలసినవి కుండ అంచు, దండి అడుగు భాగం. యాళి ముఖం దేనినీ తాకకుండా గాలిలో తేలినట్లుండాలి. మూతకు అతికించిన స్పంజి మెట్లను అదమరాదు. ఈ తప్పు కొత్త పెట్టెలలోనూ తరచు కనిపిస్తుంది. వీణను అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచాలన్న తాపత్రయంతో మూత నిండా మెత్తలు అతికిస్తారు. మైనం మెత్తబడితే మెట్లను క్రిందికి నొక్కేవి ఆ మెత్తలే.

పెట్టె రంగు గురించి ఎవరూ ఆలోచించరు. నల్లని పెట్టె ఎండను పీల్చుకుంటుంది. లేత రంగు పెట్టె గాని, నల్లని పెట్టెపై తెల్లని గుడ్డ తొడుగు గాని ఉంటే లోపలి వేడి కొంత తగ్గుతుంది.

పెట్టెను భద్రతా సిబ్బంది తెరిచే అవకాశం ఉంది. అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికుడు దగ్గర లేకుండానే తెరవవచ్చు. అక్కడి భద్రతా సంస్థ వద్దనున్న తాళంచెవితో తెరుచుకునే తాళం వేయకపోతే తాళాన్ని పగులగొట్టవచ్చు కూడా. తెరిచినవారికి వీణ అంటే ఏమిటో తెలియదు, తిరిగి ఎలా అమర్చాలో అంతకంటే తెలియదు. మూత లోపలి వైపు ఒక రంగుల ఛాయాచిత్రం అతికించి, సరిగా అమర్చిన వీణ ఎలా ఉండాలో చూపుతూ, ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వ్రాసి ఉంచాలి. సున్నితమని అంటించే ఎర్ర చీటీ కంటే ఈ ఛాయాచిత్రమే ఎక్కువ మేలు చేస్తుంది.

పైనా, క్రిందనా

వీణను ప్రయాణికుల గదిలోనే తీసుకుపోవాలన్న కోరిక సహజం. మన దేశంలో చేతిసామానుకు సాధారణంగా 7 కిలోల బరువు, మూడు కొలతలు కలిపి 115 సెంటీమీటర్లు పరిమితి. వీణ పొడవు ఒక్కటే దానిని మించుతుంది. తలపైనున్న అరలో గిటారు పట్టే విమానాలు కొన్ని ఉన్నాయి. కుండ లావు కారణంగా వీణ పట్టడం కష్టం. మిగిలిన మార్గం వీణకు మరొక ఆసనం కొనడం. కొన్ని విమాన సంస్థలు దీనిని అనుమతిస్తాయి, టిక్కెట్టు కొనేముందే కొలతలు తెలిపి వ్రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. ఫోనులో విన్న మాట ద్వారం దగ్గర చెల్లదు.

అమెరికా విమాన సంస్థల విషయంలో స్పష్టమైన చట్టం ఉంది. 2012లో చేసిన చట్టాన్ని అనుసరించి రూపొందిన నిబంధన 2015 మార్చి 6 నుండి అమలులోకి వచ్చింది. ఎక్కే సమయానికి తలపై అరలోనో ఆసనం క్రిందనో స్థలముంటే చిన్న వాద్యాన్ని లోపలికి అనుమతించాలి. పెట్టెతో కలిపి 165 పౌనుల లోపు గల పెద్ద వాద్యానికి, భద్రంగా అమర్చగలిగితే, ఆసనం కొనుక్కోవచ్చు. లోపలి సామానుగా వేసేటప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 150 అంగుళాల వరకు, 165 పౌనుల వరకు వాద్యాన్ని స్వీకరించాలి. పెట్టెలోని వీణ సాధారణ సామాను పరిమితి అయిన 62 అంగుళాలను దాటుతుంది గనుక ఈ చివరి అంశం ముఖ్యమైనది. ఈ నిబంధన ఆ దేశపు సంస్థలకే వర్తిస్తుంది. చెన్నై నుండి గల్ఫ్ మీదుగా వేరే దేశపు విమానంలో వెళ్ళేవారు ఆ సంస్థ నియమాలనే చూసుకోవాలి.

లోపలి సామానుగా వేయక తప్పనప్పుడు మధ్యలో విమానం మారని ప్రయాణాన్ని ఎంచుకోవాలి. ప్రతి మార్పిడిలోనూ పెట్టె రెండు మూడు చేతులు మారుతుంది. వేసవిలో మధ్యాహ్నపు ప్రయాణం కంటే రాత్రి ప్రయాణం మేలు. సామాను అప్పగించేచోట పరిమిత బాధ్యత పత్రంపై సంతకం అడగవచ్చు. అందులో సున్నిత వస్తువుకు కలిగే నష్టానికి సంస్థ బాధ్యత లేదని ఉండవచ్చు. చదవకుండా సంతకం చేయరాదు.

దంతం, కొమ్ము, పాత వీణలు

తాతల కాలపు వీణలపై ఏనుగు దంతంతోనో, దుప్పి కొమ్ముతోనో నగిషీ ఉండడం కద్దు. నేటి వీణలపై తెల్లగా కనిపించేది చాలావరకు ప్లాస్టిక్కే. దంతమున్న వీణను అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, అంతర్జాతీయంగా సైటిస్ ఒప్పందం దీనికి వర్తిస్తాయి. అమెరికా 2016లో దంతం వ్యాపారంపై ఆంక్షలను దాదాపు సంపూర్ణం చేసింది. విమానాశ్రయంలో వీణను స్వాధీనం చేసుకుంటే ఇంటిపెద్దల గురుతు అన్న మాట పనిచేయదు. నగిషీ ప్లాస్టిక్‌దే అయితే తయారుచేసినవారి నుండి ఆ మేరకు ఇంగ్లీషులో ఒక ధ్రువపత్రం తీసుకొని వెంట ఉంచుకోవాలి.

పనస కర్రకు సైటిస్ ఆంక్ష లేదు. గిటార్లలో విరివిగా వాడే రోజ్‌వుడ్ జాతులపై 2017 జనవరి 2 నుండి విధించిన అనుమతుల నియమం వాద్యకారులను చాలా ఇబ్బంది పెట్టింది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు 26 నుండి దాని నుండి మినహాయింపు లభించింది. ఎప్పటినుండో కఠిన నిషేధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఈ మినహాయింపు లేదు. మన దేశపు బీటె కర్ర భాగాలున్న వీణ గలవారికి 2019 నాటి మార్పు ఊరట.

వీణ వయస్సు నూరేళ్ళు దాటితే మరొక చట్టం అడ్డువస్తుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరు సంవత్సరాలు దాటిన కళాకృతి పురావస్తువు, దానిని వ్యక్తులు ఎగుమతి చేయరాదు. సందేహమున్నవారు పురావస్తు శాఖ నుండి పురావస్తువు కాదన్న పత్రం పొందాలి. నిజంగానే అంత పాతదైతే అది ఇంటనే ఉండడం దానికీ, ఇంటివారికీ మంచిది. తిరిగి తీసుకురాబోయే ఖరీదైన వీణకు బయలుదేరేనాడే కస్టమ్స్ వద్ద ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరుగు ప్రయాణంలో సుంకం అడగరు.

దిగిన తరువాత

చల్లని దేశంలో దిగి ఇల్లు చేరగానే పెట్టె తెరవరాదు. మూసిన పెట్టెలోనే వీణ గది ఉష్ణోగ్రతకు నెమ్మదిగా రావాలి, దానికి కొన్ని గంటలు పడుతుంది. కాని విమానాశ్రయంలో మాత్రం పెట్టె అందగానే ఒకసారి తెరిచి చూడక తప్పదు. ఈ రెండు సలహాలూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. విమానాశ్రయపు వెచ్చని భవనంలో నిమిషం సేపు తెరిచి పగుళ్ళు, యాళి, పలక మాత్రం చూసి మూసివేయడం, మేళాన్ని ఇంటివద్ద తీరికగా పరిశీలించడం దీనికి పరిష్కారం.

తెరిచి చూడడం ఎందుకు ముఖ్యమో కెనడా గాయకుడు డేవ్ కారల్ ఉదంతం తెలుపుతుంది. 2008 మార్చిలో ఆయన యునైటెడ్ విమానంలో హాలిఫాక్స్ నుండి ఒమాహాకు వెళుతుండగా టేలర్ గిటారు దెబ్బతిన్నది. మరమ్మతుకు 1,200 డాలర్లు ఖర్చయింది. 24 గంటల లోపు ఫిర్యాదు చేయలేదన్న కారణంతో సంస్థ పరిహారాన్ని నిరాకరించింది. 2009 జులైలో ఆయన ఆ ఉదంతంపై పాట కట్టి విడుదల చేయగా లక్షలమంది చూశారు. సంస్థ అప్పుడు మెత్తబడింది. పాటతో పరిహారం రాబట్టడం అందరివల్లా అయ్యే పని కాదు.

అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారతదేశం 2009లో అందులో చేరింది. దెబ్బతిన్న సామాను గురించి అందిన ఏడు రోజులలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఆలస్యంగా అందినదానికి 21 రోజులు. పరిహారపు గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుండి ఒక్కొక్క ప్రయాణికునికి 1,519 ఎస్.డి.ఆర్.లు, అంటే సుమారు రెండు వేల అమెరికన్ డాలర్లు. వీణ విలువ అంతకు మించితే, సామాను అప్పగించేటప్పుడే విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అవసరమైతే అదనపు రుసుము చెల్లించాలి. లేదా విడిగా బీమా తీసుకోవాలి. సామాను యొక్క స్వాభావిక లోపం వలన కలిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించదన్న నియమం కూడా అదే ఒప్పందంలో ఉంది. మైనం మెత్తబడడం ఆ కోవలోకి వస్తుందని సంస్థ వాదించవచ్చు. పగిలిన కుండకు పరిహారం అడగడం కంటే ఒరిగిన మెట్లకు అడగడం కష్టం. సామాను అప్పగించేచోట తీసిన తేదీ గల ఛాయాచిత్రాలు, అందులో మెట్ల వరుస స్పష్టంగా కనిపించే చిత్రం ఒకటి, ఆ వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం.

ఇంటివద్ద గుర్రాన్ని పట్టీపై గుర్తించిన స్థానంలో నిలిపి, తీగలను ఒక్కసారిగా కాక రెండు రోజులలో క్రమంగా శ్రుతికి తేవాలి. తరువాత పట్టీని దండి ప్రక్కన ఆనించి మెట్లను ఒక్కొక్కటిగా సరిచూడాలి. చలిదేశాలలో శీతకాలంలో ఇళ్ళను వెచ్చబరిచే యంత్రాలు గాలిలోని తేమను హరిస్తాయి. సముద్రతీరపు తేమకు అలవాటుపడిన పనస పలక అక్కడ ఎండి కుంచించుకుంటుంది, బిరడలు వాటంతట అవే జారుతాయి. వేడిగాలి వచ్చే రంధ్రానికి దూరంగా, లోపలి గోడ ప్రక్కన వీణను ఉంచి, గదిలో తేమను 45 నుండి 55 శాతం మధ్య నిలిపితే మొదటి శీతకాలం గడుస్తుంది.